కోపంతో ఇచ్చిన బేరం

కత్తెర వెళ్ళిపోతానన్న రోజున నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దాని అసలు పేరు వేరే ఉంది కానీ, తొమ్మిదేళ్ళుగా మా యూనిఫాంల దుకాణంలో గుడ్డ కత్తిరించేది అదే కాబట్టి అందరికీ కత్తెరే. వీధి చివర గది దొరికిందట. రెండు మిషన్లు కూడా కొనేసిందట. అన్నీ అయ్యాక తీరిగ్గా నాకు చెప్పింది, మహాతల్లి!

"అక్కా, నాకో బేరం ఇవ్వాలి కదా," అంది తల వంచుకుని.

ఇవ్వాలి. మా వీధి కట్టుబాటు అది. పనివాళ్ళు సొంతంగా దుకాణం పెట్టుకుంటే, యజమాని తన దగ్గర ఖాయంగా కుట్టించుకునే బేరాల్లో ఒకటి వాళ్ళకి అప్పగించాలి. ఏది అన్నది యజమాని ఇష్టం. ఒకప్పుడు ఈ వీధిలో నాకు కుట్టు నేర్పిన మాస్టారి దుకాణం ఒక్కటే ఉండేది. ఇప్పుడు ముప్పై ఒకటి. కాజాలు కుట్టేవాళ్ళు, బొత్తాలు అమ్మేవాళ్ళు, మిషన్లు బాగుచేసేవాళ్ళు, అందరూ ఇక్కడే నాలుగు మెతుకులు తింటున్నారు. పక్క ఊళ్ళవాళ్ళు కూడా యూనిఫాంలంటే ఇక్కడికే వస్తారు. నేనూ అలా మాస్టారి దగ్గర్నుంచి బయటికొచ్చినదాన్నే.

అయినా కోపం కోపమే. నా బేరాల్లోకెల్లా పూటకోమాట మార్చే హోటల్ ఆయన్ని దాని నెత్తిన రుద్దుదామనుకున్నాను. నెల తిరక్కుండా తలుపులు మూసుకుని నా దగ్గరికే వస్తుంది. అందులో తప్పేముంది? మాస్టారు నాకిచ్చింది మాత్రం ఎవర్ని? భూతద్దాన్ని!

భూతద్దం అంటే ఆసుపత్రి స్టోరు చూసే పెద్దాయన. కుట్లు లెక్కపెట్టే రకం. నా మొదటి అరవై డాక్టరు కోట్లనీ జేబు వేలెడు కిందికి దిగిందని మూడుసార్లు వెనక్కి పంపాడు. చచ్చీ చెడీ ఆయన్ని మెప్పించాను. ఆయనే ఒప్పుకున్నాడంటే ఇక చూసుకోనక్కర్లేదని మిగతావాళ్ళు నా గుమ్మం తొక్కారు. ఇవాళ నాకు పన్నెండు మిషన్లున్నాయంటే ఆ చలవే. నన్ను రాటుదేల్చడానికే మాస్టారు అంతటి మొండిఘటాన్ని ఇచ్చారని ఏళ్ళతరబడి మనసులో దండం పెట్టుకున్నాను. పైకి ఒక్కసారీ అనలేదు. ఆ సాయంత్రం అనేద్దామని వెళ్ళాను.

మాస్టారు తన దుకాణం గుమ్మంలో కూర్చుని బొత్తాలు కుడుతున్నారు. నేను చెప్పిందంతా విని పగలబడి నవ్వారు.

"రాటుదేల్చడమా? నా మొహం! నువ్వు వెళ్తున్నావని ఒళ్ళు మండి ఇచ్చానమ్మాయ్. మీరిద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకుంటారు, నువ్వు తిరిగొచ్చేస్తావనుకున్నా."

ఇన్నేళ్ళ దండాలూ దండగేనా!

"మరి నా గురించి ఆ ఆసుపత్రి పెద్దాయన మిమ్మల్ని ఏమీ అడగలేదా?"

"అడక్కేం? పిల్ల ఎలా కుడుతుందన్నాడు. నాకంటే బాగా కుడుతుందన్నాను."

"అంత కోపంలోనా?"

"కోపమొస్తే? నీ చేతిపని మీద అబద్ధం చెప్తానా?" అని విసుక్కుని, సూదిలోకి దారం ఎక్కించుకోబోయారు. అది ఎక్కడంలేదు.

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. సూది తీసుకుని దారం ఎక్కించిచ్చాను. "మీ రుణం తీర్చుకోలేను మాస్టారూ," అన్నాను.

"సరేలే, ముందు వెలుగుకి అడ్డం తప్పుకో," అన్నారాయన.

మర్నాడు పొద్దున్నే కత్తెరను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఫోన్ చేశాను. హోటల్ ఆయనకి కాదు, బడి హెడ్మిస్ట్రెస్ గారికి. నాకున్న బేరాలన్నిటిలోకీ పెద్దది అదే. కత్తెర బిత్తరపోయి చూస్తోంది. ఈసారి పిల్లల బట్టలు కత్తెర దగ్గర కుట్టించుకోమని ఆవిడకి చెప్పాను.

"ఆ అమ్మాయి పని ఎలా ఉంటుందండీ?" అని అడిగారావిడ.

కత్తెర వైపు చూడకుండా చెప్పాను. "పిల్లలకి బట్టలు అతికినట్టున్నాయని ఏటా నన్ను మెచ్చుకుంటారే, ఆ కత్తిరింపు నాది కాదండీ. మొదటినుంచీ తనదే."

ఆవిడ నిలదీశారు.

"మరి ఇన్నాళ్ళూ ఆ మెప్పంతా మీరే తీసుకున్నారేం?"

"తీసుకున్నానండీ," అన్నాను. "ఇప్పుడు ఇచ్చేస్తున్నాను."

కత్తెర అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.