ఆ రికార్డులోని హోరు

ఓ రాక్ బ్యాండుకు ముప్ఫై ఏళ్లుగా సౌండ్ మిక్సింగ్ చేసేది నేను. నా స్టూడియోలో, నా కుర్చీలోనే కూర్చుని మా బావ నాకు పాఠాలు చెబుతున్నాడు.

"పాత డ్రమ్మర్ ఉన్నప్పటివే షోలంటే! తర్వాతదంతా డబ్బాలు వాయించడమే. ఆ మొదటి లైవ్ రికార్డు ఒక్కటి చాలదూ?"

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ రోజు హాల్లో పట్టుమని నలభై మంది లేరు బావా! రెండేళ్ల తర్వాత ఆ రికార్డు విడుదల చేసేటప్పుడు వాళ్ల అరుపులు తీసేసి, కొత్త డ్రమ్మర్ షోలోని జనం హోరు అతికించింది నేనే. ఇప్పుడు చెప్పు, ఎవరి షో గొప్ప?"

బావ మొహం కందగడ్డలా అయింది. లేచి నా చొక్కా పట్టుకున్నాడు.

"ఆ నలభై మందిలో నేనున్నాను. గొంతు పోయేలా అరిచాను. ఇన్నేళ్లుగా ఆ రికార్డులో నా అరుపు కోసం వెతుక్కుంటున్నానురా, దొంగ వెధవా!"