చెన్నరాయప్ప వంతు

ఎనభై నాలుగో సంవత్సరం ఎండాకాలంలో మా వర్తూరు చెరువును బాగుచేస్తామని పట్నం నుంచి ఒక సంఘం వచ్చింది. బాగుచేసేది వాళ్ళు కాదు. వాళ్ళు డబ్బిస్తారు, మేము బాగుచేసుకోవాలి, వాళ్ళు వచ్చి చూసి మెచ్చుకుంటారు. ఆ డబ్బు కూడా వాళ్ళది కాదు. ఎక్కడో చలిదేశంలో ఎవరో పుణ్యాత్ములు పంపింది. పర్యావరణం కోసం చిన్న ఊళ్ళకు చిన్న సహాయమని దానికి పేరు.

సంఘం అధ్యక్షుడు సుబ్బరాయుడు. చిక్కపేటలో పట్టుచీరల దుకాణం ఆయనది. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల బూట్లు వేసుకొని చెరువు కట్ట ఎక్కి, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకొని, "ప్రకృతిని మించిన దైవం లేదు" అన్నాడు. ఆ రోజు గాలి గుర్రపుడెక్క కుళ్ళిన వైపు నుంచి వీస్తోంది. దైవం వాసనకు ఆయన రెండు నిమిషాలు కూడా నిలబడలేకపోయాడు. కారులో కూర్చొని అద్దం ఎత్తించుకొని, ఆ అద్దం వెనక నుంచి మాకు నమస్కారం పెట్టాడు.

ఇంకెప్పుడైనా అయితే అలాంటి మనిషిని చూసి ఇంట్లోకి వెళ్ళి నవ్వుకునేదాన్ని. ఆ రోజు నవ్వలేదు. నాకు ఆ డబ్బుతో పని పడింది.

మొగుడు పోయిన నా చెల్లెలు సొన్నమ్మది కాలువ చివర అరెకరం. కాలువ పూడిపోయి మూడేళ్ళయింది. ఉగాది దాటగానే ఇంటికొక మనిషి పార పట్టుకొని వచ్చి పూడిక తీయడం మా ఊరి పద్ధతి. మగవాళ్ళంతా ఫ్యాక్టరీ బస్సులెక్కడం మొదలుపెట్టాక పార పట్టేవాళ్ళు లేరు. నీళ్ళు సగం దూరం వచ్చి ఇంకిపోతున్నాయి. సొన్నమ్మ మడి నెర్రెలు విడిచి ఉంది. దాని కూతురు వెంకటలక్ష్మి హెబ్బగోడిలో అద్దె గదిలో ఉంటూ ఫ్యాక్టరీకి పోతుంది. అమ్మా వచ్చెయ్యి, ఈ మట్టిని పట్టుకొని ఏం చేస్తావని ప్రతి ఆదివారమూ వచ్చి పిలుస్తుంది. ఆదివారం వస్తోందంటే నేను శనివారం నుంచే బస్సుల చప్పుడు లెక్కపెట్టేదాన్ని.

మేము ఆరుగురం పుట్టాము. మిగిలింది నేనూ అదీ. నా కొడుకులు, కోడళ్ళు, మనవలు, అందరూ వచ్చేవారం వస్తామని చెప్పే పోయారు. వీధిలో సొన్నమ్మ ఇంటి తలుపు చప్పుడు వినబడితేనే నాకు తెల్లవారినట్టు. కాబట్టి నీళ్ళు వస్తే అది పోదని, డబ్బు వస్తే నీళ్ళు వస్తాయని, ఆ సంఘం వాళ్ళ అర్జీ నింపడానికి నేనే కూర్చున్నాను. పొట్లాల కాగితాల మీదా బస్సు బోర్డుల మీదా నేర్చుకున్న చదువు నాది. కన్నడమూ తెలుగూ రెండూ కూడబలుక్కొని చదవగలను, రాయగలను. ఊరి మగవాళ్ళకు అర్జీ నింపే తీరిక లేదు.

అర్జీలో మొదటి ప్రశ్నే నీటి హక్కుదారుల పేర్లు. అవి చెప్పగలిగినవాడు చిక్కమునియప్ప ఒక్కడే. అతను మా నీరుగంటి. చెరువు తూము ఎత్తి, ఎవరి వంతు వస్తే వాళ్ళ మడికి నీళ్ళు వదలడం అతని పని, అతని తండ్రి పని, తాత పని. పిలవగానే వచ్చాడు కాని అరుగు మీద కూర్చోలేదు.

"కూచోని చెప్పప్పా" అన్నాను.

"కూచుంటే రాదక్కా. తూము కాడ నిలబడి చెప్పేది అలవాటు అయిపోయుండాది. నువ్వు రాసుకో. నడాన ఆపొద్దు, ఆపితే వరస తప్పుతాది."

చెరువు వైపు తిరిగి నిలబడి, చేతిలో కర్ర ఉన్నట్టు పిడికిలి బిగించి చెప్పాడు. వెంకటగిరియప్ప వంతు. ఆదినారాయణప్ప వంతు. రామాంజినప్ప వంతు. అలా పన్నెండు. చివరిది చెన్నరాయప్ప వంతు, సొన్నమ్మ మడిది. నేను గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. రాసి రెండుసార్లు చదువుకొని మురిసిపోయాను.

ఆ పన్నెండుగురూ చనిపోయి అరవై ఏళ్ళు దాటింది. చెన్నరాయప్ప సొన్నమ్మ మొగుడికి తాత. మా ఊళ్ళో నీళ్ళు బతికున్నవాళ్ళ పేరు మీద ఉండవు. మొదట కాలువ తవ్విన వాళ్ళ పేరుతోనే వంతు పిలుస్తారు, వాళ్ళ మడి ఎవరు దున్నితే వాళ్ళు వాడుకుంటారు. చనిపోయినవాడితో ఎవరూ పంపకాలు అడగలేరు, చనిపోయినవాడి నీళ్ళు ఎవరూ అమ్మలేరు. ఇదంతా నాకూ తెలుసు, చిక్కమునియప్పకూ తెలుసు. హక్కుదారులెవరని అడిగితే మేము హక్కుదారుల పేర్లే చెప్పాము. బతికున్నవాళ్ళు కావాలని ఆ కాగితం అడగలేదు.

నెల తర్వాత సుశీల అనే అమ్మాయి వచ్చింది. సంఘంలో తనిఖీ ఉద్యోగం. నూలు చీర, పెద్ద బొట్టు, భుజానికి సంచి. చావడి ముందు కుర్చీ వేయించుకొని పేర్లు పిలిచింది. చుట్టూ ఊరంతా ఉంది.

"వెంకటగిరియప్ప గారు?"

"లేడమ్మా" అన్నాడు చిక్కమునియప్ప.

"ఎప్పుడొస్తారు?"

"రాడు."

"సరే. ఆదినారాయణప్ప గారు?"

"ఆయప్పా లేడు."

"పొలానికి వెళ్ళారా?"

"పొలం పక్కకే. దిబ్బ మింద ఉండాడు. పోయి పిలిస్తే పలుకుతాడో లేదో చూడు తల్లీ."

మా ఊరి సమాధులు ఆ దిబ్బ మీదే. నాలుగో పేరుకు జనం నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ అమ్మాయి కలం మూసి, "అంటే వీళ్ళంతా చనిపోయినవాళ్ళా?" అని నన్ను అడిగింది. అవునన్నాను. వంతు సంగతి విడమరిచి చెప్పబోయాను. ఆమె వినడం లేదు. జాబితాను ఇంగ్లీషులోకి మార్చి పై దేశానికి పంపేశారట. అక్కడివాళ్ళు పన్నెండుగురు రైతుల పట్టుదలను మెచ్చుకుంటూ ఉత్తరం కూడా రాశారట.

"ఇప్పుడు మార్చితే మొత్తం సహాయం ఆగిపోతుందమ్మా" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చెరువు కోసం కాదు.

మరుసటి వారం సుశీలతో పాటు సుబ్బరాయుడే వచ్చాడు. చచ్చినవాళ్ళ పేర్లిచ్చామని తెలిసి ఆయన కోప్పడలేదు, సిగ్గుపడనూ లేదు. చీరకు అంచు తేడా వస్తే ఇంకో చీర మడత విప్పినంత సులువుగా తోవ చూపించాడు. "పేర్లు అట్లే ఉండనీండమ్మా. పేరుకొక మనిషి వచ్చి వేలిముద్ర వేస్తే చాలు. ఎవరు వేస్తే వాళ్ళే ఆ పేరుగల సభ్యుడు. మాకు కావలసింది పన్నెండు వేళ్ళు."

చిక్కమునియప్ప ముందుకొచ్చాడు. "అట్ల వద్దు సామీ. ఒగ పేరు మింద ఒగని వేలు పడితే, ఆ నీళ్ళు ఆ వేలివే అయితాయి. రేప్పొద్దున కొట్టుకోని సస్తారు."

"నీళ్ళు వేళ్ళ వెంట పోతాయా అప్పా, కాలువ వెంట పోతాయి గాని" అన్నాడు సుబ్బరాయుడు. తన మాటకు తానే నవ్వి, వెంట వచ్చినవాళ్ళ వంక చూశాడు. వాళ్ళూ నవ్వారు.

చిక్కమునియప్ప మాట నిజమని ఊరికి ఒక్క క్షణంలో అర్థమయింది. అందుకే మూడేళ్ళుగా పార ముట్టనివాళ్ళు కూడా రెండు రోజుల తర్వాత వేలిముద్రలకు సంఘం మళ్ళీ వచ్చినప్పుడు వరుసలో నిలబడ్డారు. అన్నదమ్ములు ఒకరి భుజం ఒకరు తోసుకున్నారు. తాత పేరు సరిగ్గా తెలియనివాడు పక్కవాణ్ణి అడిగి కనుక్కొని మరీ మనవడయ్యాడు. చెన్నరాయప్ప కోసం గోపాలప్ప వచ్చాడు. సొన్నమ్మ మొగుడికి అన్న కొడుకు. హెబ్బగోడి ఫ్యాక్టరీలో సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. పదేళ్ళలో వాడు ఆ మడి గట్టు తొక్కలేదు.

వాడి వేలు పడితే సొన్నమ్మ నీళ్ళు పోతాయి. ఆ పేరు ఆ కాగితం మీద గుండ్రంగా రాసి పెట్టినదాన్ని నేను. సొన్నమ్మను వెనక నుంచి పట్టి ముందుకు తోయబోయాను.

అది నేను తోయకముందే కదిలింది. గోపాలప్ప చేయి చాచేలోగా ఇంకు ప్యాడు మీద బొటనవేలు ఒత్తి నిలబడింది.

"చిన్నమ్మా, ఏం పని ఇది. చెన్నరాయప్ప మొగోడు" అన్నాడు గోపాలప్ప.

"సచ్చినోనికి మొగేంది ఆడేంది రా. నువ్వు మొగోనివి గదా, పదేండ్ల నుంచి ఒగ పార మన్నన్నా ఎత్తి పోసినావా?"

"వేలు తియ్యి. గలాటా వద్దు."

"నాకు సిరా అంటిపోయుండాది. నీది ఇస్త్రీ చొక్కా, మరకైతాది. పక్కకు నిలబడు."

జనం గొల్లుమన్నారు. సుబ్బరాయుడు గడియారం చూసుకున్నాడు. సుశీల కాగితాలు తిప్పి ఒకచోట ఆగింది. ఆమె ముఖం విప్పారింది. "సార్, మహిళా సభ్యుల గడి ఖాళీగా ఉంది" అంది. న్యాయం అంతటితో తేలిపోయింది. ఎవరు దున్నారని గాని, ఎవరి కడుపు ఆ మడి మీద ఉందని గాని ఒక్క మాట అడగలేదు. ఒక గడి ఖాళీగా ఉంది, ఒక ఆడమనిషి దొరికింది. సుశీల సొన్నమ్మ వేలు పట్టి ఒత్తించి, పక్కన శ్రీమతి చెన్నరాయప్ప అని రాసుకుంది. గుండ్రటి ముద్ర వేసి ఒక నకలు సొన్నమ్మ చేతిలో పెట్టింది.

నేను ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఎన్నో ఏళ్ళ తర్వాత.

ఆ డబ్బుతో ఏం జరిగిందో చెబితే ఎక్కువసేపు పట్టదు. రోడ్డు పక్క ఒక బోర్డు లేచింది. మీద చెట్టు బొమ్మ, కింద సంఘం పేరు, దాని కింద ఇంకా పెద్ద అక్షరాలతో సుబ్బరాయుడి పేరు. బోర్డు దగ్గర నిలబడితే కాలువ ఎంత దూరం కనిపిస్తుందో అంత దూరం పూడిక తీశారు. అక్కడ వంపు తిరుగుతుంది. వంపు అవతల గడ్డి గడ్డే, మట్టి మట్టే. అవతల తీయలేదేమని అడిగితే మేస్త్రీ, "మాకు కొలత ఇచ్చింది ఆడికే" అన్నాడు. తీసిన మట్టిని తెచ్చి వంపులోనే పోశారు. అంతకుముందు సగం దూరం వచ్చే నీళ్ళు ఆ ఏడు సగం కూడా రాలేదు.

అయినా నాకు ధైర్యం పోలేదు. వంతు దక్కింది, వచ్చే ఏడు చూసుకోవచ్చు అనుకున్నాను. అక్టోబరులో ఒక మధ్యాహ్నం సొన్నమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. వక్క ముక్క నోట్లో వేసుకుంది.

"జయరామప్ప వచ్చినాడక్కా. హొసకోట దావలో ఇటుకల బట్టీ పెట్టినాడే, ఆయప్ప."

"ఏమంట?"

"నా మడి కావాలంట. మన్ను బాగుండాదంట. తూము పక్కనుంచి పైపు వేసుకుంటాడంట, నా వంతు నీళ్ళకు."

"చెన్నరాయప్ప నీళ్ళు నువ్వెట్ల అమ్ముతావే."

అది కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన నకలు తీసి నా ఒడిలో వేసింది. గుండ్రటి ముద్ర ఇంకా చెరగలేదు. "చెన్నరాయప్ప నేనే గదా ఇప్పుడు. ఆయప్ప లాయరుకు చూపిచ్చినాడు. ఇంతకుముందు ఎవురూ కొనకపోయిరి, ఈ కాయితం ఉంటే సాలు అన్నాడంట."

నకలు మళ్ళీ దాని ఒడిలోకే తోశాను. నా నోట వచ్చిన మాట మంచిది కాదు. "నిన్ను ఈడ ఉంచేదానికే గదే నేను అర్జీ రాసింది" అన్నాను.

"తెలుసు. కట్టేసి పెట్టుకోవాలని రాసినావు. మంచికే. కాని నీళ్ళు రాలేదు గదక్కా. కాయితమే వచ్చింది."

"ఇంకొక ఏడు చూడు."

"మూడేండ్లు చూస్తిని. ఒగ పూట తిని ఇంగొక పూట నీ ఇంటికి వస్తాండానని ఊరంతా తెలుసు. నాకు బేజారు అయిపోయింది. హెబ్బగోడి ఏమన్నా కాశీనా. రెండు బస్సులు మారితే వచ్చేస్తాది."

"అందరూ అట్లే చెప్పి పోయినారు."

"నేను అందరూనా" అంది. కాని నా ముఖం చూడకుండా అంది.

అది వెళ్ళిన రోజు నేను బస్టాండు దాకా పోలేదు. తలుపు చప్పుడు విన్నాను. కిటికీలోంచి చూస్తే దాని వెంట ఒక ట్రంకు పెట్టె, ఒక రోలు. రోలు ఎందుకే ఆ అగ్గిపెట్టెంత గదిలో అని అడగాలనుకున్నాను. అడగలేదు. సంక్రాంతికి వస్తుందన్నారు, రాలేదు. ఉగాదికి దాని కూతురికి పని ఎక్కువట. మడిలో ఇప్పుడు మనిషి లోతు గొయ్యి. బట్టీ పొగ తూర్పుగాలికి ఊరి మీదికి వస్తుంది, ఆరేసిన బట్టలు నల్లబడతాయి. సంఘం బోర్డు మీది చెట్టు బొమ్మ కూడా నల్లబడింది.

మొన్న సుశీల మళ్ళీ వచ్చింది. కెమెరా ఉన్న మనిషిని వెంటబెట్టుకొని నా ఇంటి ముందు నిలబడింది. చెరువు బాగుపడటం వల్ల బాగుపడిన మహిళ ఫొటో పై దేశానికి పంపాలట.

"చెన్నరాయప్ప గారు ఉన్నారా అమ్మా?" అని అడిగింది.

"లేదు."

"ఆమె మీ చెల్లెలే కదా. పోలిక ఉంది. ఒక్క నిమిషం మీరే నిలబడండి, కాలువ దగ్గర. నవ్వనవసరం లేదు."

"యాడికి పోయింది, ఎందుకు పోయిందని అడగవా తల్లీ?"

ఆమె నొచ్చుకుంది. మర్యాద తెలిసిన పిల్ల. కాగితాలు ఒకసారి తిరగేసి చూసి, "దానికి ఇందులో చోటు లేదమ్మా" అంది.

నేను లోపలికి వచ్చి గడియ వేసుకున్నాను. వాళ్ళు పక్కింటి అంజినమ్మను అడుగుతున్న మాటలు వినిపించాయి. ఎంతసేపు పడుతుందని అడిగింది అంజినమ్మ. ఒక్క నిమిషమే అన్నారు. అయితే చీర మార్చుకొని వస్తా ఉండండి అంది.