నాలుగో విక్టర్

మనవడి గుడ్డలు ఉతికి దండెం మీద ఆరేస్తుంటే మా ఆయన కుర్చీలోంచే నాకు పాఠం మొదలుపెట్టాడు.

"విక్టర్. ఏదీ, అను. రేపు గుళ్ళె చెప్పాలె. నీ నోరు తిరుగుతదా?"

ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో నేను అనని పేరా అది? మా మామ పెద్ద విక్టర్, మా ఆయన నడిపి విక్టర్, నా కొడుకు చిన్న విక్టర్. మామకు ఆ పేరు ఎవరో దొర పాదిరి పెట్టాడట. లాటిన్ మాట, రోము రాజ్యంలో పుట్టిన మాట, గెలిచినవాడని అర్థం అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ మామ చెప్పేవాడు. చాయ్ కప్పులు అందిస్తూ నేనూ వినేదాన్ని. మామకు రైల్వేలో పని దొరికితే అది పేరు మహిమే అనుకుని ఉప్పుగూడలో మా గుడివాళ్ళంతా దానికి ఎగబడ్డారు. ఇప్పుడు మా సందులో విక్టర్ అని కేకేస్తే ఆటోవాడు, కరెంటు పనివాడు, పాల ప్యాకెట్లవాడు, అందరూ తలలు బయటపెడతారు. అందరూ గెలిచినవాళ్ళే. వాళ్ళ చొక్కాల కాలర్లు రుద్దే మాకే గెలుపంటే ఏంటో తెలీదు.

మా నాయన సాగర్ డ్యాం కట్టేటప్పుడు రాళ్ళు మోసి నన్ను పెంచాడు. నా కొడుకును సాగర్ అని పిలుచుకోవాలనుకున్నాను. మాట నోట్లో ఉండగానే మా అత్త, "కనుడు నీ పని, పేరు వెట్టుడు మా పని. పోయి బియ్యమేరు" అంది. మా ఆయన నవ్వాడు. ఆ నవ్వును చింతకాయ తొక్కులా జాడీలో దాచుకున్నాను. ఏటికేడాది ఊరింది.

లోపల కోడలు ప్రీతి బిడ్డకు పాలిస్తూ, "అత్తమ్మా, మల్ల గదే పేరా? నన్ను ఒక్క మాటన్న అడగలే" అంది.

"నాకైతే సాగర్ అని ఉండె బిడ్డా."

"మంచిగుంది అత్తమ్మా!"

మా గుడిలో బిడ్డను ఎత్తుకున్నవాళ్ళే పేరు చెప్పాలి. ఆ పేరుతోనే బాప్తిస్మం నీళ్ళు పోస్తారు. మర్నాడు, ఎత్తుడు ఆడదాని పనే కదా అని బిడ్డను నా చేతుల్లో పెట్టాడు మా ఆయన. తప్పు అక్కడ చేశాడు.

"ఈ బిడ్డకు పేరు పెట్టండి," అన్నారు పాదిరి అయ్యగారు.

"సాగర్," అన్నాను గట్టిగా.

నీళ్ళు పడ్డాయి. బిడ్డ కెవ్వుమన్నాడు. ప్రీతి నవ్వు ఆగక కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయ్యగారూ, ముసల్ది గల్తీ చేసింది. మల్ల పొయ్యుండ్రి నీళ్ళు!" అని అరిచాడు మా ఆయన.

"బాప్తిస్మం ఒక్కసారే, విక్టర్ గారూ."

ఇంట్లో ఒకటే లొల్లి. కేకు మీద రాయించిన పేరును నడిమధ్యకు కోసి, మొదటి ముక్క మా ఆయనకే పెట్టాను. ముట్టలేదు.

"నేనైతే వాన్ని విక్టర్ అనే పిలుస్త. ఏం జేస్తవ్?"

బిడ్డ కాళ్ళకు నూనె రాస్తున్నాను. ఒళ్ళంతా ఎంత హాయిగా ఉందో.

"పిలువు. తానం పోసేది నేను, బువ్వ తినిపిచ్చేది నేను, మాటలు నేర్పేది నేను. వాడు నిన్ను ఏమని పిలవాల్నో గూడ నేనే నేర్పుత."