నలుచదరపు ముఖాలు

బట్టలారేసే తీగ మీద నుంచి అత్తగారి రెండు చీరలూ మొగుడి నాలుగు చొక్కాలూ తీసి మడతపెట్టి, ఖాళీ అయిన తీగకు వసంతి పెళ్ళికార్డులు తగిలించడం మొదలుపెట్టింది. సెప్టెంబరులో పెళ్ళికి వేయించినవాటిలో మిగిలిపోయిన కార్డులు అవి. ముందువైపు బంగారు అక్షరాల్లో శివరాం పేరూ తన పేరూ, వెనకవైపు నున్నగా, తెల్లగా, ఏదైనా రాయమని అడుగుతున్నట్టు ఉండేవి. ఆ తెల్లవైపున ఒక్కో కార్డు మీద ఒక్కో బడి పేరు, పరీక్ష రాసిన పిల్లలెందరు, ఏ ప్రశ్నకు ఎందరు సరైన జవాబు రాశారు అన్నది రాసిపెట్టింది. ముప్ఫై నాలుగు బడులు, ముప్ఫై నాలుగు కార్డులు. ఎక్కువ మార్కులొచ్చిన బడి లీచీ చెట్టు వైపు, తక్కువ వచ్చినది వంటింటి వైపు. గాలి వీచినప్పుడల్లా మార్కులు తిరగబడి పెళ్ళి కనిపించేది. వసంతికి ప్రతిసారీ నవ్వొచ్చేది. ఓడెక్కి ఇండియా వెళ్ళి విశాఖపట్నంలో బి.ఏ. చదివేటప్పుడు లెక్కల మాస్టారు పటాలు గీయడం నేర్పారు గానీ, పటం ఇలా గాలికి ఊగుతుందని చెప్పలేదు.

వాకిట్లో కూరగాయలు తరుగుతున్న అత్తగారు సుబ్బమ్మ తల పైకెత్తి చూసింది.

"ఏం పిల్లా, కాగితాలు సెక్ అయ్యాయా, ఆరిపోయాయా? తీసేస్తే నా దుప్పటి ఆరేసుకుంటా."

"ఇంకా తడిగానే ఉన్నాయత్తా," అంది వసంతి, నవ్వాపుకుని.

శివరాం ఈ ద్వీపంలోని ఫ్లాక్ జిల్లా బడులకు అసిస్టెంటు ఇన్‌స్పెక్టరు. ఏటా నవంబరులో జిల్లాలో అయిదో తరగతి పిల్లలందరికీ ఒకే పరీక్ష పెడతారు. మార్కుల పట్టీలు, జవాబు కాగితాలు గోనెసంచుల్లో వస్తాయి. ఏ బడి వెనకబడింది, ఎందుకు వెనకబడింది, ఏం చెయ్యాలి అన్నది శుక్రవారానికల్లా రిపోర్టుగా ఇవ్వాలి. పెళ్ళయిన మూడో వారంలో, ఇంకేదో చిన్న లెక్కకు, శివరాం ఆమె పక్కన కూర్చుని, "నువ్వు కాస్త కూడిపెట్టు, మదామ్," అన్నాడు. భార్యగా మదామ్ అని పిలిపించుకోవడం అప్పటికి కొత్త, చెవులు వేడెక్కిపోయాయి, గబగబా కూడిపెట్టేసింది. తర్వాత ఆ కాస్త పెరిగింది. కూడికలు సగటులయ్యాయి, సగటులు పట్టికలయ్యాయి, పట్టికలను టైపు కొట్టడం కూడా కాస్తలోకే వచ్చింది. ఇంటిపని ఎలాగూ ఉండనే ఉంది. గోనెసంచులు ముందుగదిలో ఆమె పెళ్ళిపెట్టె పక్కనే చేరి, పుట్టింటివాళ్ళు పంపిన సారెలా కూర్చున్నాయి.

అయినా వసంతికి బాధేమీ లేదు. నిజంగానే లేదు. అంకెలంటే ఆమెకు ఇష్టం. సైకిలు గంట రెండుసార్లు మోగితే అతను వచ్చినట్టు, మూడుసార్లు మోగితే టోపీ నిండా లీచీలు తెచ్చినట్టు. ఆ మూడో గంట కోసం మధ్యాహ్నం మూడింటి నుంచే చెవి వీధిలో ఉండేది. ఒక్కటే చిన్న ముల్లు. పోయిన ఆదివారం ఆఫీసు హెడ్‌క్లార్కు మార్సెల్ భోజనానికి వచ్చాడు. పోయిన నెల రిపోర్టులో పట్టికలు ఎంత బాగున్నాయో చెప్పి, ఎలా ఆలోచించావయ్యా అని శివరాంని అడిగాడు. శివరాం వసంతి వైపు ప్రేమగా చూసి, "మా మదామ్ కాస్త టైపు చేసిపెడుతుంది," అన్నాడు. మార్సెల్ ఆమె టైపింగునూ మెచ్చుకున్నాడు, చేపల కూరనూ మెచ్చుకున్నాడు, రెండింటినీ ఒకే గొంతుతో. వసంతి మరికాస్త కూర తేవడానికి వంటింట్లోకి వెళ్ళి, గరిటె పట్టుకుని, తన ముఖం మీద నవ్వు ఇంకా అలాగే ఉందని గమనించింది. ఎవరూ చూడని చోట ఆ నవ్వెందుకో ఆమెకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున అతనికి టై సరిచేస్తూ, రిపోర్టులో నా పేరు కూడా వేస్తారా అని అడిగింది. శివరాం కాదనలేదు. అతను దేన్నీ కాదనడు. "వేద్దాం వసంతీ, మార్చిలో ఇండిపెండెన్స్ రానీ. అప్పుడు అంతా కొత్తగా చేద్దాం," అన్నాడు. వంటింటి రేకు కారడం, కొళాయి తిప్పితే ఊడిరావడం, ఆమె టీచరు ఉద్యోగానికి రాసుకున్న దరఖాస్తు, అన్నీ మార్చి కోసమే ఎదురుచూస్తున్నాయి. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ఇంకా నాలుగు నెలలుంది. అది వచ్చేలోపు ఇంట్లో ఎన్ని పనులు పోగుపడతాయో అని వసంతి లెక్క కూడా వేసింది.

మంగళవారం శివరాం చేత్తో రాసిన ముసాయిదా ఆమె చేతికొచ్చింది. టైపు కొట్టాలి. అన్నిటికన్నా వెనకబడిన పదకొండు బడులూ చెరకు తోటల పక్కనివే. అక్కడి పిల్లలకు గ్రహణశక్తి తక్కువ అని రాశాడు. తల్లులు తెల్లవారకముందే చెరకు పనికి పోవడం వల్ల పిల్లల చదువు చూసేవాళ్ళు లేరని రాశాడు. ఆ పదకొండు బడుల్లో ఆరో తరగతి ఎత్తేసి, పిల్లలను టౌను బడికి పంపాలని సిఫారసు చేశాడు.

వసంతి మిషను మీద నుంచి చేతులు తీసేసింది. తను చదివింది ఇలాంటి ఊరే అయిన కాంప్ ద మాస్క్‌లో. ఆరో తరగతి అక్కడే ఉండబట్టి చదివింది. టౌనుకు పోవాల్సివస్తే, అయిదు మైళ్ళు ఆడపిల్లను ఎవరు పంపుతారు? నాన్న మంచివాడే, వంకాయలు, టమాటాలు పండించి చదివించాడు. కానీ అయిదు మైళ్ళంటే ఆయన కూడా, ఇంక చాలులే అమ్మా, అనేవాడు. ఈ పదకొండు బడుల్లో వచ్చే జనవరికి ఆరుకు రావాల్సిన ఆడపిల్లలు మూడొందలకు పైనే ఉన్నారు. ఆ వాక్యాన్ని టైపు కొడితే ఆ తలుపు మూసేది తన వేళ్ళే.

అందుకే బుధవారం కార్డులు తీగకెక్కాయి.

వాటిని ఒక చివర నుంచి రెండో చివరకు చదువుకుంటూ నడిచింది. కూడికల్లో తోటల పిల్లలు అంత వెనకేం లేరు. భిన్నాల్లో కొంచెం తక్కువ. తొమ్మిదో ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి మాత్రం పదకొండు కార్డుల్లోనూ దాదాపు సున్నా. ఆరొందల పైచిలుకు పిల్లల్లో సరిగా చేసింది ఆరుగురు. ఆ ప్రశ్నకు ఇరవై మార్కులు. గ్రహణశక్తి తక్కువైతే అన్ని ప్రశ్నల్లోనూ తగ్గాలి కదా, తొమ్మిదో నంబరు దగ్గరే ఎందుకు ఇంకిపోతుంది?

చేతులు తుడుచుకుని ముందుగదిలోకి వెళ్ళి గోనెసంచి విప్పింది. మొదటి జవాబు కాగితం తీసి తొమ్మిదో ప్రశ్న చూసింది. ఒక ముఖం. పలకలాంటి నలుచదరపు ముఖం, రెండు కళ్ళు, ముక్కు, కింద మీసం. రెండో కాగితం తీసింది. ఇంకో ముఖం, దీనికి చెవిపోగులు. మూడోదానికి జడ, నాలుగోదానికి పోలీసు టోపీ. వసంతి నేల మీద కూలబడి నవ్వింది, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. చుట్టూ నూరు ముఖాలు, అన్నీ నలుచదరమే.

నవ్వు విని సుబ్బమ్మ వచ్చి, గుమ్మంలో నిలబడి చూసింది.

"ఎవరేశారివి? బాగున్నాయే."

"పిల్లలత్తా. లెక్కల పరీక్షలో. ఎందుకేశారో తెలీడం లేదు."

"ఏం వెయ్యమన్నారు?"

వసంతి ప్రశ్నపత్రం తీసి ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు చదివింది. స్క్వేర్ ఫిగర్ గీయండి, దాన్ని నాలుగు భాగాలు చేయండి, ఒక భాగం నల్లగా నింపండి.

సుబ్బమ్మ బడి మొహం ఎరగదు. ఇంగ్లీషు అసలే రాదు. చిక్కుడుకాయ ఈనె తీస్తూనే అంది, "ఫిగిర్ అడిగారు, ఫిగిర్ వేశారు. ఇంకేం వెయ్యాలి?"

వసంతి నవ్వు ఆగిపోయింది. అవును. ఇక్కడ ఇంటా వీధిలో అందరూ మాట్లాడే క్రియోల్‌లో ఫిగిర్ అంటే ముఖం. తోటల్లో పుట్టిన పిల్లకు పాలతోబాటు వచ్చిన మాట అది. తల్లి తుడిచేది ఫిగిర్, మాస్టారు కోపంగా చూసేది ఫిగిర్. టౌను బడుల్లో టీచర్లు ఆకారం అనే అర్థంలో ఆ మాటను ఇంగ్లీషులో చెప్పి గీయించారు. తోటల బడుల్లో ఎవరూ చెప్పలేదు. నాలుగు భాగాలు చెయ్యమంటే కళ్ళు, ముక్కు, నోరు, చెవులు అనుకున్నారు. నల్లగా నింపమంటే పాపం మీసం పెట్టారు, జడ వేశారు. ఒక్కరు కూడా చెప్పినమాట కాదనలేదు.

"అత్తా, మీరు..." అంది వసంతి. ముసాయిదా తెచ్చి, అందులో ఆ పిల్లల తల్లుల గురించి రాసింది తెలుగులో చదివి వినిపించింది. ఎందుకు వినిపించిందో ఆమెకే తెలియదు. ఇరవై ఏళ్ళు చెరకు నరికి కొడుకును కాలేజీకి పంపిన మనిషి సుబ్బమ్మ. ఆవిడ చిక్కుడుకాయలు చేటలో పెట్టేసి, గోనెసంచి వైపు చూసింది.

"నేనూ చీకట్నే పోయేదాన్ని," అంది. "వాడు మర్చిపోయుంటాడు."

ఆ రెండు రోజులూ వసంతి రిపోర్టు మళ్ళీ రాసింది. తొమ్మిదో ప్రశ్న తీసేసి లెక్కేస్తే పదకొండులో ఏడు బడులు మధ్యకు వచ్చేశాయి. మిగిలిన నాలుగూ నిజంగానే వెనక ఉన్నాయి, అక్కడ ఒక్క మాస్టారే రెండు తరగతులు చూస్తున్నాడు. అది దాచలేదు, ఆ నాలుగింటికీ అదనపు టీచరు కావాలని రాసింది. ఆరో తరగతి ఎక్కడా ఎత్తేయవద్దని రాసింది. ఒకే వేషంలో వచ్చి వేరే అర్థం చెప్పే మాటల జాబితా తయారుచేసి ప్రతి తరగతి గోడకూ అంటించాలని రాసింది. ఇంగ్లీషులో పెయిన్ అని రాసి ఉంటే అది నొప్పి, ఫ్రెంచిలోలా రొట్టె కాదు, లైబ్రరీ అంటే పుస్తకాలమ్మే కొట్టు కాదు. జాబితా రాస్తుంటే ఆకలి మరిచిపోయింది. అత్తగారు లీచీలు ఒలిచి పళ్ళెంలో పెట్టి, మోచేతి దగ్గరికి జరిపింది.

గురువారం మధ్యాహ్నం చివరి కాగితాలు మిషనులో ఉన్నాయి. సుబ్బమ్మ పక్కన చేరి, పటాల కింద ఏం రాశావని అడిగింది. ఫిగర్ ఒకటి, ఫిగర్ రెండు, ఫిగర్ మూడు అని చదివి చూపించింది వసంతి. పత్రం ఆఖరున శివరాం పేరు, హోదా.

సుబ్బమ్మ కాగితాలను అటూ ఇటూ తిప్పింది. "ఫిగిర్ ఒకటి, ఫిగిర్ రెండు అంటావు," అంది. "మరి నీ ఫిగిర్ ఏదీ ఇందులో?"

వసంతి మిషనులోంచి ఆఖరి కాగితం లాగేసి, కొత్తది ఎక్కించింది.

సైకిలు గంట మూడుసార్లు మోగింది. శివరాం టోపీ బల్ల మీద బోర్లించి, లీచీలు దొర్లుతుండగా రిపోర్టు అందుకుని నిలబడే చదివాడు. ముఖాల దగ్గరకొచ్చేసరికి గట్టిగా నవ్వాడు, వసంతి భుజం పట్టుకుని ఊపేశాడు. నీ అంత తెలివైనది ఆఫీసు మొత్తంలో లేదన్నాడు. తన వాక్యం ఉండాల్సిన చోటికొచ్చి ఆగాడు. తల్లి వైపు చూసి, చూపు దించుకున్నాడు. ఆఖరి పేజీకి వచ్చాక ఇంకా ఎక్కువసేపు ఆగాడు. అక్కడ ఉన్నవి రెండు వరుసలు. లెక్కలు, విశ్లేషణ, సూచనలు: వసంతి, బి.ఏ. తొమ్మిదో ప్రశ్నలో పొరపాటు కనిపెట్టినది: సుబ్బమ్మ, చెరకు కూలీ.

"అమ్మ పేరు కూడానా?"

"కనిపెట్టింది ఆవిడే కదండీ."

"మార్సెల్ నవ్వుతాడు వసంతీ. ఈసారికి ఇలా పోనిచ్చి, ఇండిపెండెన్స్..." అని అంటుండగానే సుబ్బమ్మ వచ్చి, లీచీలు ఏరి పళ్ళెంలో వేసి, అతని చేతికి కలం ఇచ్చింది. కొడుకు ముఖం వైపు కళ్ళెత్తి చూసింది, వాడి ఫిగిర్ ఎలా ఉందో చూసుకుంటున్నట్టు.

శివరాంకు మెల్లగా నవ్వొచ్చింది. సంతకానికి చోటు వెతికాడు. కాగితంలో మిగిలిన ఖాళీ ఒక్కటే, ఆ రెండు పేర్ల కింద. వసంతి దాన్ని స్కేలు పెట్టి కొలిచి మరీ వదిలింది.