వెనక దారిలో ఇద్దరు

టైలరు మాస్టారు కొండ కింద బస్సు దిగి, మెట్ల దారి వైపు ఒక్క చూపు చూసి, గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఆ దారిలో సోడా బండివాడి దగ్గర్నుంచి టోపీలమ్మే ముసలమ్మ దాకా అందరూ ఎరిగినవాళ్లే. ఏటా పెళ్లాంతో వచ్చే మనిషి ఒంటరిగా కనబడితే ఊరుకుంటారా? "అక్కయ్య రాలేదేం మాస్టారూ?" అంటారు. అడిగాక చెప్పాలి. ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. అప్పుడు ఫోన్లన్నీ బావమరిదే చేశాడు. పోయిందన్న మాట మాస్టారు నోట ఇంతవరకూ రాలేదు. ఇవాళ కూడా రానివ్వకూడదు, అంతే!

అందుకని వెనక దారి పట్టాడు. అంతా రాళ్లూ, ముళ్లకంపలూ. మొదట్లో గార్డు గది ఒకటుంది. ఒంటరిగా వెళ్లరాదని గోడ మీద ఇంతేసి అక్షరాలతో బోర్డుంది గానీ, మాస్టారు దాన్ని చూస్తేగా!

"ఎంతమంది?" గార్డు పుస్తకంలోంచి తలెత్తకుండా అడిగాడు.

"ఇద్దరం."

ముప్పయ్యేళ్లుగా బస్సులోనూ, హోటల్లోనూ, సినిమా హాలు దగ్గరా అదే మాట చెప్పిన నోరు. దానికేం తెలుసు పాపం! గార్డు రాసేశాడు. "రెండోవాళ్లేరీ?"

కాదు, ఒక్కణ్ణే అనాలి. అంటే ఆ పై మాట కూడా అనాలి. "మా ఆవిడ. వెనకాల వస్తోంది," అనేశాడు మాస్టారు.

"చీకటి పడేలోగా ఇద్దరూ దిగిపోవాలి పెద్దాయనా."

గబగబా ఎక్కడం మొదలుపెట్టాడు. నిజానికి ఈ దారిన వెళ్దామని ఏటా పోరిందీ తనే. "అక్కడ పలకరించే దిక్కుండదు, నేను రాను," అని ఆవిడ మొండికేసేది. మాటల పుట్ట. షాపులో ఓ మూల కూర్చుని చొక్కాలకి కాజాలు కుడుతూ పొద్దుగూకులూ వాగేది. "నీ నోటికీ ఓ కాజా కుట్టి బొత్తం పెట్టేస్తా," అనేవాడు మాస్టారు. "పెట్టండి, అప్పుడు తెలుస్తుంది," అనేది ఆవిడ.

తెలిసింది. నిశ్శబ్దం కావాలని అడిగి అడిగి తీసుకున్నాడు కదా, ఇదిగో, కొండంత దొరికింది. ఆయన చెప్పుల చప్పుడు తప్ప చిన్న అలికిడి లేదు. ఒక చోట ఆగి "ఏమేవ్" అన్నాడు. అని, సిగ్గుపడి, చుట్టూ చూశాడు. సిగ్గుపడ్డానికైనా ఎవరూ లేరక్కడ.

శిఖరం ఇంకో ఇరవై అడుగులుందనగా పైనుంచి జనం నవ్వులు వినిపించాయి. రెండు దారులూ అక్కడే కలుస్తాయి. మాస్టారు ఆ ఇరవై అడుగులూ ఎక్కలేదు. రాతి మీద కూలబడి, ఆ నవ్వులు వింటూ, పొద్దు వాలేదాకా ఉండిపోయాడు. ఏడుపు రాలేదు. వస్తే బాగుండనిపించింది.

కిందికొచ్చేసరికి మసక పడింది. గార్డు గుమ్మంలోనే నిలబడున్నాడు. "ఆవిడేరీ?"

మాస్టారు వెనక్కి తిరిగి కొండ దారి వైపు చూశాడు.

"దారి తప్పిందా? పడిందా? చెప్పండి పెద్దాయనా!" గార్డు ఈల వేశాడు. లోపల్నుంచి మరో ఇద్దరు గార్డులు లైట్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. "ఏం వేసుకుంది?"

"ఆకుపచ్చ కోటు," అన్నాడు మాస్టారు. "నేనే కుట్టాను."

"మనిషెలా ఉంటుంది?"

"పొట్టిగా. ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటుంది."

ఆ ఇద్దరూ కొండెక్కారు. "అమ్మా! అమ్మా, వినబడుతోందా?" అని కేకలు. ఎనిమిది నెలల తర్వాత ఆవిడ కోసం తను కాక ఇంకొకళ్లు వెతుకుతున్నారు. మాస్టారు బెంచీ మీద కూర్చుని, కళ్లు మూసుకుని విన్నాడు. ఆ కాసేపూ ఆవిడ పోలేదు, తప్పిపోయింది, అంతే. తప్పని తెలుసు. అయినా ఇంకొక్క కేక, ఇంకొక్కటి అనుకుంటూ ఉండిపోయాడు.

పైన రాళ్లు జారిన చప్పుడైంది. "అబ్బా, నా కాలు!" అని ఎవరో అరిచారు.

మాస్టారు చివాల్న లేచి దారి దాకా పరిగెత్తాడు. "దిగిపోండి నాయనా! వెతక్కండి! ఆవిడ లేదు. పోయింది. ఎనిమిది నెలలైంది, చచ్చిపోయింది!"

పైన లైట్లు రెండూ ఆగిపోయాయి. ఆ తర్వాత ఆవిడని ఎవరూ పిలవలేదు.