పక్కకు జరిగే కాలిబాట

ఏడాదంతా యాత్రికులు తొక్కీ తొక్కీ, కొండమీది కాలిబాట అలిసిపోయి తొలి వాన పడగానే కాస్త పక్కకు జరిగేది. పాత చోట గడ్డి మొలిచేది. దారి చూపే పని చేసే అక్క పొద్దున్నే వెళ్ళి, కొత్త దారి పొడుగునా రాళ్ళకు సున్నం గుర్తులు పెట్టేది. ఊళ్ళో ఎవరికీ ఇది వింత కాదు. బాట తమ పెరట్లోంచి పోతే కంచె జరుపుకునేవాళ్ళు, అంతే.

కొండ అవతలి ఊరివాళ్ళకు అంత ఓపిక లేకపోయింది. చెట్లు కొట్టేసి, తమ వైపు బాటకు సిమెంటు పోయించి, బస్సులు రప్పించుకున్నారు. అక్క చెల్లెల్ని పెళ్ళిచేసి ఇచ్చింది ఆ ఊరికే. ఆమె పన్నెండు గదుల వసతిగృహం కట్టింది.

"మీ వైపు బాటకూ సిమెంటు పోయించే కాగితం మీద నువ్వూ సంతకం పెట్టక్కా. దారి చూపేదానివి, నువ్వొప్పుకుంటేనే పని జరుగుతుంది. సిమెంటు మా ఊరివాళ్ళే పోస్తారు. ఏటా దారి వెతుక్కుంటూ ఎన్నాళ్ళు బతుకుతావు?" అంది ఓసారి.

"దాని కాళ్ళు కట్టేసి నేను తినలేనే."

"అంటే మేం తినేది పాపపు కూడేనా?"

మాటా మాటా పెరిగింది. ఆ తర్వాత మూడేళ్ళు అక్కచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు. నోటికాడ కూడు తన్నేసిందని సొంత ఊళ్ళోనూ సగంమంది అక్కని ఆడిపోసుకున్నారు. భర్త కూడా కంచం ముందు మొహం ముడుచుకునేవాడు. అక్క మాత్రం సంతకం పెట్టలేదు.

నాలుగో ఏడు వాన పదిరోజులు వదల్లేదు. అవతలి వైపు చెట్టూచేమా లేని వాలు జారింది. సిమెంటు బాట పెంకులా విరిగి లోయలో పడింది. బస్సు రోడ్డు తెగింది, ఫోన్లు మూగబోయాయి.

ఆ పొద్దున అక్క వెళ్ళేసరికి బాట శిఖరం వైపు తిరిగి ఉంది. అంత దూరం అదెన్నడూ పోలేదు. ఆమె దాని వెంటే నడిచింది. పొదల వేళ్ళు గట్టిగా పట్టుకున్న నేలనే ఎంచుకుంటూ, బాట శిఖరం దాటి అవతలికి దిగి, చెల్లెలి వంటింటి గుమ్మం దగ్గర ఆగింది.

చెల్లెలు అక్క బురద కాళ్ళకేసి చూసింది.

"అతిథులు పద్దెనిమిది మంది ఉన్నారు. ఒక ముసలాయన నడవలేడు," అంది.

"మీ ఆయన మోస్తాడులే. నెమ్మదిగా పోదాం, పదండి."

పొద్దుగూకే లోపు అందరూ అక్క ఇల్లు చేరారు.

మర్నాడు మధ్యాహ్నం కబురొచ్చింది. వసతిగృహం పన్నెండు గదులతో సహా లోయలోకి జారిపోయిందట. అప్పటికి చెల్లెలు అక్క వంటింట్లో అంతమందికీ పప్పు ఉడికిస్తోంది. కబురు విని గరిటె గిన్నె మీద పెట్టింది. తర్వాత పొయ్యి మంట తగ్గించి అడిగింది.

"ఉప్పెక్కడ పెట్టావక్కా?"