గౌరమ్మ చూపించిన గొట్టాలు

స్ఫూర్తి పరిశోధన గురించి అడిగితే ఆమె చెప్పే మాట ఒకటే. వాగు దాటే మనిషి మధ్యలో ఒక రాయి మీద కాలు మోపి అవతలికి గెంతినట్టు, ప్రొటీన్‌లో ఎలక్ట్రాన్ కూడా ఒక అమైనో ఆమ్లం మీద కాలు మోపి పోతుంది. ఆ క్షణాన ఆ ఆమ్లంలో జత లేని ఎలక్ట్రాన్ ఒకటి మిగులుతుంది. దాన్నే రాడికల్ అంటారు. రెప్పపాటులో మాయమయ్యే దాన్ని పట్టుకోవాలంటే ప్రొటీన్‌ను చటుక్కున గడ్డకట్టించి, అయస్కాంతం నడుమ పెట్టి, మైక్రోవేవ్ తరంగాలు పంపాలి. రాడికల్ ఉంటే తెర మీద గీత లేచి పడుతుంది. లేకపోతే తిన్నగా సాగిపోతుంది.

ఆమె పనిచేసేది హైదరాబాదులో. ఆ రాయి టైరోసిన్ అనే ఆమ్లమేనని ఆమె గైడు నిఖిలేశ్ సార్ నమ్మకం. అది రుజువు కావాలంటే టైరోసిన్ తీసేసిన ప్రొటీన్ చేసి, అందులో రాడికల్ పుట్టడం లేదని చూపించాలి. దాన్ని తయారు చేయడానికి స్ఫూర్తికి ఏడాది పైనే పట్టింది. ఎన్నోసార్లు పాడై, ఏడిపించి, ఆఖరుకు నాలుగు సన్న గొట్టాలకు సరిపడా చేతికొచ్చింది. ఫెలోషిప్ గడువు ముంచుకొస్తోంది. ఆ నాలుగు గొట్టాలు ఏం చెబితే అదే ఆమె థీసిస్.

కొలిచే యంత్రం ధారవాడలో ఉంది. ద్రవ నైట్రోజన్ పోసిన చిన్న క్యాన్‌లో గొట్టాలు పెట్టుకుని కారులో బయలుదేరింది. రాయచూరు చేరేసరికి ఫోను: యంత్రం మరమ్మతులో ఉంది, ఎల్లుండి రండి అని. ఆ చిన్న క్యాన్‌లో నైట్రోజన్ అందాకా నిలవదు. ఇంకొకరికైతే కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. స్ఫూర్తి పుట్టిందే రాయచూరులో. మేనమామ రంగప్ప గిల్లేసూగూరు దాకా ఊళ్ళు తిరిగి బర్రెలకూ ఆవులకూ ఎద సూదులు వేసే మనిషి. ఆంబోతుల వీర్యం నింపిన స్ట్రాలు దాచడానికి ఇంట్లో పెద్ద నైట్రోజన్ క్యాన్ ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఆ విధంగా ఒక ఉన్నతమైన పరిశోధన ఆంబోతుల పక్కన మకాం పెట్టింది.

రంగప్ప ఊళ్ళ మీద పడితే క్యాన్ బాధ్యత భార్య గౌరమ్మది. లోపల ఏముందని ఆమె అడిగింది. రాడికల్ దగ్గర మొదలుపెడితే ఎప్పటికి తేలేను అనుకుని స్ఫూర్తి ఒక్క ముక్కలో తెంచేసింది.

"కరగొద్దు అత్తా. కరిగితే పాడైతది. గంతే."

గౌరమ్మ తలూపింది. స్ఫూర్తి అమ్మ దగ్గరికి పోయి కడుపునిండా తిని, మూడోనాడు వచ్చి గొట్టాలు తీసుకుని ధారవాడ వెళ్ళింది.

నాలుగు గొట్టాల్లోనూ గీత తిన్నగా వచ్చింది. ఎక్కడా చిన్న బొడిపె కూడా లేదు. నిఖిలేశ్ సార్ ఫోన్లో నవ్వారు. ఆయన నవ్వడం అరుదు. వెంటనే రాయడం మొదలుపెట్టమన్నారు. స్ఫూర్తి పేడాలు కొని, కారులో కూర్చుని, రెండు రోజులుగా తెరవని చుట్టాల వాట్సాప్ గ్రూపు తెరిచింది.

అందులో ఫోటో ఉంది. చేతులకు మందపాటి గ్లవ్స్ వేసుకుని వాకిట్లో నిలబడిన గౌరమ్మ, నాలుగు గొట్టాలనూ తల ఎత్తున పట్టుకుంది. వాటి చుట్టూ తెల్లటి పొగ. పక్కింటి చెన్నవ్వ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు నోరు తెరిచి చూస్తున్నారు. కింద, మా స్ఫూర్తి చేసిన పరిశోధన అని రాసి ఉంది. స్ఫూర్తి అమ్మ దానికి దండం బొమ్మ పెట్టింది.

మంచు కరిగేదాకా రాడికల్ ఆగదు. గడ్డ గడ్డగా ఉండగానే, కాస్త వెచ్చబడితే చాలు, చచ్చిపోతుంది. టైరోసిన్ తీయని మామూలు ప్రొటీన్ గొట్టం ఒకటి అదే క్యాన్‌లో ఉండి, దాంట్లో గీత లేచి ఉంటే ధైర్యం చేయవచ్చు. కిందటిసారి కొలిచాం కదా అని దాన్ని తేలేదు. స్ఫూర్తి వెంటనే అత్తకు ఫోన్ చేసి, ఎంతసేపు బయట పెట్టారని అడిగింది.

"చానాసేపే బిడ్డా. చెన్నవ్వ రెండుసార్లు జూసింది. గడ్డ మాత్రం కరగలే, నేను జూసుకుంటనే ఉన్న."

ఆ గొంతులో సంతోషం విని స్ఫూర్తికి ఒళ్ళు మండింది. ఆ తర్వాత భయం వేసింది. హైదరాబాదులో గౌరమ్మను ఎరిగినవాళ్ళు లేరు. సార్ అనుకున్నదే వచ్చింది, బహుశా నిజం కూడా అదే. నోరు మూసుకుంటే థీసిస్ అయిపోతుంది. పేడా ఒకటి నోటిదాకా తెచ్చి, తిరిగి పొట్లంలో పెట్టేసింది. సార్‌కు ఆ ఫోటో పంపి, ఫోన్ చేసింది.

కరగలేదుగా, ఫరవాలేదేమో అని ఆయన నసిగారు.

"గీత టైరోసిన్ లేక పడుకుందో, మా అత్త చేతిలో పడుకుందో నేను చెప్పలేను సార్."

అయితే మళ్ళీ చెయ్యి అన్నారు చివరికి. ఫెలోషిప్ సంగతి ఆయన ఎత్తలేదు, ఆమె అడగలేదు.

తిరుగుదారిలో రాయచూరులో ఆగింది. గౌరమ్మ ఎదురొచ్చి, పని అయిందా అని అడిగింది. స్ఫూర్తి ఈసారి దాచలేదు. కాలేదని, మళ్ళీ మొదటి నుంచి చేయాలని, గొట్టాలు బయటికి తీయడమే కారణమని చెప్పింది. ఎలక్ట్రాన్ గురించి, రాయి గురించి, గడ్డ కరగకముందే చచ్చిపోయే దాని గురించి మొత్తం చెప్పింది. చెప్పడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

గౌరమ్మ మొహం చిన్నబోయింది. తన స్ట్రాలనైతే ఆమె క్యాన్ మెడ దాటనివ్వదు. ఇవి స్ట్రాలు కావు, వీటికి పెట్టిన షరతు వేరు, దాన్ని ఆమె తు.చ. తప్పకుండా పాటించింది.

"నువ్వు కరగొద్దంటివి, కరగనియ్యలే. బయటికి తియ్యొద్దంటే తియ్యకపోదునా బిడ్డా? నాకు అర్థం కాదనుకుంటివా?"

స్ఫూర్తి తల వంచుకుంది. సార్‌కు అత్త తప్పు చెప్పడానికి లేచిన నోరు, అత్త ముందు తన తప్పు చెప్పడానికి లేవలేదు.